మీకు తెలుసా? పొడుగువాడికి డాన్సు నేర్పిన కోచ్

బాస్కెట్‌బాల్ రింగు కింద నిలబడి చూస్తే ఇరుగ్గా కనిపిస్తుంది గానీ, అందులో దాదాపు రెండు బంతులు పక్కపక్కన పడతాయని మీకు తెలుసా? రింగు అడ్డకొలత 18 అంగుళాలు, అంటే 45.7 సెంటీమీటర్లు. మగవాళ్లు ఆడే బంతి అడ్డకొలత సుమారు 24 సెంటీమీటర్లు. ఇంత చోటు పెట్టుకుని కూడా బంతి మాటిమాటికీ బయటికి ఎందుకు తన్నుకొస్తుంది?

వాలు వల్ల. బంతి నిటారుగా పైనుంచి దిగితే రింగు నోరు మొత్తం దానికి దొరుకుతుంది. 45 డిగ్రీల వాలుతో దిగితే దొరికేది 32 సెంటీమీటర్లే. 30 డిగ్రీలతో దూసుకొస్తే 23 సెంటీమీటర్లు కూడా మిగలదు. అంటే బంతికి చాలినంత చోటే లేదు. ఎంత గురి ఉన్నా రింగుకు తగలకుండా లోపలికి పోదు. మన పొదిలి హైస్కూలు గ్రౌండులోనైనా, ఒంగోలు స్టేడియంలోనైనా కొత్తగా ఆడే పిల్లలు చింతకాయలకు రాయి విసిరినట్టు బంతిని తిన్నగా విసురుతారు. అది బోర్డు దద్దరిల్లేలా తగిలి వెనక్కి వస్తుంది. పిల్లవాడు ఇంకా గట్టిగా విసురుతాడు. ఇంకా గట్టిగా వెనక్కి వస్తుంది. వాడిలో బలానికి కొదవ లేదు, బంతి లేవాల్సినంత ఎత్తు లేవడం లేదంతే. ఆ ముక్క పక్కనుంచి చూసేవాళ్లు ఎవరో ఒకరు చెప్పాలి.

ఈ వారం ముచ్చట్లన్నీ ఈ బాపతువే. లోపం ఎక్కడుందో ఫలానా అని ఎవరో ఒకరు పట్టుకోవడం, ఆ ఫలానాదాని మీదే విసుగు పుట్టేంత సాధన చేయడం. చాలాసార్లు ఆ సాధనకు అడ్డం వచ్చింది ఒళ్లు కాదు, సిగ్గు.

వేసవి సెలవులు మింగేసిన షాట్

ఇవాళ ప్రపంచంలో దూరం నుంచి బంతి వేయడంలో మేటి ఎవరంటే స్టీఫెన్ కర్రీ పేరే చెబుతారు. ఆ కుర్రాడు స్కూల్లో ఉన్నప్పుడు బంతిని నడుము దగ్గర్నుంచి ఎత్తి విసిరేవాడని మీకు తెలుసా? సన్నగా ఉండేవాడు, చేతుల్లో సత్తువ చాలదు, అందుకని ఒంట్లో ఉన్న బలమంతా కింది నుంచి తెచ్చుకునేవాడు. బంతులు పడుతూనే ఉండేవి. కానీ తండ్రి డెల్ కర్రీ అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో 16 సీజన్లు ఆడిన మనిషి. కాలేజీ స్థాయికి పోతే ఎదుట నిలబడేది ఆరున్నర అడుగుల వాళ్లనీ, నడుము దగ్గర మొదలైన బంతిని వాళ్లు దారిలోనే తోసేస్తారనీ ఆయనకు తెలుసు.

ఒక వేసవిలో కొడుకు షాట్‌ను మొదలంటా విప్పేశాడు. బంతి నుదుటికి పైనుంచి వెళ్లాలి, అంతే. ఆ సెలవులంతా కుర్రాడి చేతికి ఏదీ కలిసిరాలేదు. అంతకుముందు కళ్లు మూసుకుని వేసే బంతులు కూడా రింగు దాకా పోలేదు. రింగుకు దగ్గరగా నిలబడి వేసుకోవాల్సి వచ్చింది, ఏడ్చిన రోజులూ ఉన్నాయి. వచ్చిన విద్యను పక్కన పడేసి రానిదాన్ని అక్షరాభ్యాసం నుంచి మొదలెట్టడం పదహారేళ్ల వయసులో చిన్న విషయం కాదు. బాగా ఆడేవాడు అన్న పేరు కాసేపు పోతుంది మరి.

తర్వాత కూడా పెద్ద కాలేజీలు స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీలో చేరి, 2009లో ఎన్‌బీఏకు వచ్చాడు. అక్కడ చీలమండలు మొరాయించాయి. అడుగు తప్పితే మడత పడేవి. 2011లో ఒక ఆపరేషన్, 2012లో ఇంకొకటి. 2011-12 సీజన్‌లో ఆడింది 26 మ్యాచ్‌లే. ఈ కుర్రాడి పని అయిపోయిందనుకున్నారు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఫిజికల్ ట్రైనర్లు ఆ చీలమండనే పట్టుకుని కూర్చోలేదు. కర్రీ ఒక్కసారిగా దిశ మార్చినప్పుడు బరువంతా చీలమండ మీద పడుతోంది, పైన తుంటి ఆ బరువు మోయడం లేదు, కాబట్టి తుంటిని బలపరచాలి అని తేల్చారు. బరువులు ఎత్తించారు, యోగా చేయించారు. నడుము దగ్గర వంగే తీరునే మార్చారు. 2015-16లో అదే కర్రీ ఒక్క సీజన్‌లో 402 మూడు పాయింట్ల షాట్లు వేశాడు. అంతకుముందు ఏ ఆటగాడూ ఒక సీజన్‌లో 400 దాటలేదు. మొత్తం మీద అప్పటిదాకా రే ఆలెన్ పేరున ఉన్న 2,973 షాట్ల రికార్డు 2021 డిసెంబర్ 14న అతని చేతుల్లో బద్దలైంది. నొప్పి ఒకచోట, మందు ఇంకోచోట అన్నమాట.

సిగ్గు ఖరీదు

ఒకే మ్యాచ్‌లో ఒక్కడే 100 పాయింట్లు కొట్టిన ఆటగాడున్నాడు. విల్ట్ చాంబర్లేన్. ఎత్తు ఏడడుగుల ఒక అంగుళం. 1962 మార్చి 2న అమెరికాలోని హర్షీ పట్టణంలో న్యూయార్క్ జట్టు మీద కొట్టాడు. ఆ మ్యాచ్ వీడియో అంటూ లేదు. కాగితం ముక్క మీద 100 అని రాసి చేత పట్టుకున్న ఫొటో ఒకటి మాత్రం నేటికీ తిరుగుతోంది.

ఇదంతా చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆ వందలో 28 పాయింట్లు ఫ్రీ త్రోల మీద వచ్చాయి. 32 వేస్తే 28 పడ్డాయి. ఫ్రీ త్రో అంటే ఎదుటివాడు ఫౌల్ చేసినప్పుడు 15 అడుగుల దూరంలో గీత దగ్గర నిలబడి, ఎవరూ అడ్డం రాకుండా తీరిగ్గా వేసుకునే బంతి. చాంబర్లేన్‌కు కొరుకుడు పడనిది అదే. ఎగిరి రింగులో కుక్కేవాడికి నిలబడి వేయడం చేతకాలేదు. ఆ సీజన్‌లో అతను ఒక కొత్త పద్ధతి పట్టాడు. రెండు చేతులతో బంతిని మోకాళ్ల మధ్య నుంచి పైకి లేపి వదలడం. మన బావుల దగ్గర బొక్కెన పైకి అందించే తీరు. బంతి నెమ్మదిగా, ఎత్తుగా లేచి, మెత్తగా దిగుతుంది. రింగుకు తగిలినా ఎగిరిపోదు. ఆ ఏడాది అతని ఫ్రీ త్రోలు నూటికి 61 పడ్డాయి. తన మిగతా ఏళ్లతో పోలిస్తే అది మంచి లెక్క.

తర్వాత మానేశాడు. ఆ పద్ధతి ఆడపిల్లల ఆటలా ఉందని జనం నవ్వుతారని. తప్పని తెలిసే మానేశానని అతనే తర్వాత తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. మొత్తం ఆట జీవితంలో అతని ఫ్రీ త్రోల సగటు నూటికి 51.

అదే పద్ధతిని రిక్ బారీ అనే ఇంకొకాయన పట్టుకుని వదల్లేదు. చిన్నప్పుడు వాళ్ల నాన్న నేర్పబోతే ఇతనూ ఆడపిల్లల్లా వేయనని మొరాయించినవాడే. ఆయన పట్టు వదల్లేదు, ఈయన సిగ్గు వదిలాడు. 1978-79 సీజన్‌లో బారీ 169 ఫ్రీ త్రోలు వేస్తే గురి తప్పింది తొమ్మిదే తొమ్మిది. ఇంత లెక్క కళ్ల ముందున్నా ఇవాళ్టికీ ఎన్‌బీఏలో మోకాళ్ల మధ్య నుంచి వేసేవాళ్లు దాదాపు లేరు. కోట్లు తీసుకునే ఆటగాళ్లు నూటికి యాభై పోగొట్టుకుంటారు గానీ నలుగురు నవ్వే పని చేయరు. నాకైతే ఇది బాస్కెట్‌బాల్ గురించిన విషయంలా అనిపించదు.

కళ్లద్దాల మైకాన్

1942లో షికాగో నగరంలోని డీపాల్ యూనివర్సిటీకి రే మేయర్ అనే కుర్ర కోచ్ వచ్చాడు. అక్కడ జార్జ్ మైకాన్ అనే విద్యార్థి ఉన్నాడు. ఆరడుగుల పది అంగుళాల ఎత్తు. సోడాబుడ్డి కళ్లద్దాలు. నడిస్తే కాలికి కాలు అడ్డం. ఇప్పుడు అంత పొడుగువాడు కనిపిస్తే కోచ్‌లు ఇంటికొచ్చి కూర్చుంటారు. అప్పట్లో లెక్క వేరు. మరీ పొడుగువాళ్లు ఒళ్లు తిప్పలేరు, ఆటకు పనికిరారు అన్నది కోచ్‌ల నమ్మకం. అంతకుముందు వేరే యూనివర్సిటీ ఒకటి మైకాన్‌ను వద్దు పొమ్మంది కూడా.

మేయర్ ఏం చేశాడో మీకు తెలుసా? మొదట బంతి ఇవ్వలేదు. తాడు ఇచ్చాడు. స్కిప్పింగ్. బాక్సింగ్ వాళ్లలా గాల్లో గుద్దులు. పరుగు. అవి చాలక డాన్సు క్లాసులు. పొట్టి అమ్మాయిని జతగా పెట్టి, ఆ అమ్మాయి కాలు తొక్కకుండా అడుగులు వేయాలన్నాడు. హాల్లో కుర్రాళ్లు ఎంత నవ్వి ఉంటారో ఊహించుకోండి. మైకాన్ చేశాడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు.

ఆ తర్వాత బంతి. రింగు కింద కుడిపక్క నిలబడి కుడి చేత్తో, ఎడమపక్కకు మారి ఎడమ చేత్తో, చెయ్యి తల మీదుగా తిప్పి వేసే హుక్ షాట్లు. రోజుకు వందల్లో. మైకాన్ ఎడమ చెయ్యి కుడి చేతికి తీసిపోకుండా తయారయ్యే దాకా. ఇవాళ్టికీ బాస్కెట్‌బాల్ నేర్పే మాస్టార్లు చాలామంది మొదట్లో చేయించే కసరత్తు ఇదే, దాని పేరే మైకాన్ డ్రిల్.

తర్వాత జరిగింది ఆట చరిత్రలో తమాషా ఘట్టం. పనికిరాడన్న మనిషిని ఆపలేక రూల్సు మార్చారు. రింగులోకి దిగుతున్న బంతిని అతను చేత్తో అవతలికి తోసేస్తున్నాడని, అలా తోయడం తప్పు అని 1944లో నిబంధన పెట్టారు. రింగు కింద పాతుకుపోతున్నాడని, అక్కడ మూడు సెకన్లకు మించి నిలవకూడని చోటు వెడల్పును 1951లో ఆరడుగుల నుంచి పన్నెండడుగులకు పెంచారు. ఒక్క మనిషి కోసం ఎన్‌బీఏ మొత్తం గీతలు చెరిపి మళ్లీ గీసుకుంది.

ఇంకా ఉంది. 1950 నవంబర్ 22న ఫోర్ట్‌వేన్ జట్టు మైకాన్ ఆడే మినియాపొలిస్ లేకర్స్ మీదికి వచ్చింది. మైకాన్ చేతికి బంతి చిక్కితే గదా అని, బంతిని తమ దగ్గరే పెట్టుకుని తిప్పుతూ కూర్చుంది. టిక్కెట్టు కొన్న జనం అరిచారు, తిట్టారు. చివరికి 19-18తో ఫోర్ట్‌వేన్ గెలిచింది. ఎన్‌బీఏలో ఇంత తక్కువ స్కోరు మళ్లీ రాలేదు. లేకర్స్ 18 పాయింట్లలో 15 మైకాన్‌వే. ఈ గోల పడలేక నాలుగేళ్ల తర్వాత, బంతి చేతికొచ్చిన జట్టు 24 సెకన్లలో షాట్ వేసి తీరాలనే గడియారం తెచ్చారు. ఇప్పుడు మనం టీవీలో చూసే వేగమంతా ఆ గడియారం పుణ్యమే.

మైకాన్ డ్రిల్‌కు రింగు, బంతి తప్ప ఏమీ అక్కర్లేదు కాబట్టి ఎలా చేయాలో ఇక్కడే చెప్పేస్తాను. రింగుకు కొంచెం కుడిగా, బోర్డుకు దగ్గరగా నిలబడండి. ఎడమ కాలి మీద లేచి, కుడి చేత్తో బంతిని బోర్డు మీది చతురస్రం మూలకు తాకించండి. వల దాటి దిగే బంతిని నేల పడనివ్వకుండా పట్టుకుని, గడ్డం కిందికి దించకుండా, ఒక్క అడుగులో ఎడమపక్కకు వెళ్లండి. ఇప్పుడు కుడి కాలి మీద లేచి ఎడమ చేత్తో. ఆగకుండా ఒక నిమిషం. మొదటి రోజు ఎడమ చెయ్యి బంతిని బోర్డు వెనక్కి పారేస్తుంది, కంగారు పడొద్దు. పొదిలిలో అయితే వేసవిలో పొద్దున ఎనిమిది దాటాక గ్రౌండులో నిలబడలేం, కాబట్టి తెల్లవారుతూనే కానివ్వాలి. ఇంకోమాట, రింగు నేల నుంచి పదడుగులు, అంటే 3.05 మీటర్లు ఉండాలి. చాలా స్కూళ్లలో వేలాడి వేలాడి అది కిందికి వంగిపోయి ఉంటుంది. వంగిన రింగు మీద నేర్చుకున్న గురి సరైన రింగు మీద పనిచేయదు. ముందు టేపు పెట్టి కొలవండి.

ఆ పదడుగులు ఎక్కణ్నుంచి వచ్చాయంటారా? 1891 డిసెంబర్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలోని వైఎంసీఏ స్కూల్లో జేమ్స్ నైస్మిత్ అనే డ్రిల్లు మాస్టారు, చలికాలంలో కుర్రాళ్లు లోపల ఆడుకోవడానికి పీచ్ పళ్ల బుట్టలు రెండు మేడవరండా కమ్మికి కొట్టించాడు. ఆ కమ్మి ఎత్తు పదడుగులు. అంతే, వేరే శాస్త్రమేమీ లేదు.

రెండు చిన్న ముక్కలు

మైకేల్ జోర్డాన్‌ను స్కూలు జట్టులోంచి తీసేశారనీ, ఆ కసితో మహా ఆటగాడయ్యాడనీ వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో చెప్పని వక్త లేడు. జరిగింది అంత నాటకీయంగా లేదు. 1978లో లేనీ హైస్కూల్లో పెద్ద జట్టుకు కాకుండా అతన్ని జూనియర్ జట్టుకు ఎంపిక చేశారు. అతని వయసు పిల్లల్లో పెద్ద జట్టుకు వెళ్లింది ఒక్కడే, లీరాయ్ స్మిత్, ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు. జోర్డాన్ అప్పటికి ఆరడుగులు లేడు. జట్టుకు పొడుగువాడు కావాల్సి వచ్చింది. జోర్డాన్ ఆ ఏడాది జూనియర్లలో ఊపిరాడనివ్వకుండా ఆడాడు. కథలోని అవమానం కంటే ఆ ఏడాది ఆటే ముఖ్యం, కానీ దాన్ని ఎవరూ చెప్పరు.

ఇక మగ్సీ బోగ్స్. అయిదడుగుల మూడంగుళాలు. ఎన్‌బీఏలో ఇంతకంటే పొట్టివాడు ఆడలేదు. 1987 నుంచి 14 సీజన్లు నిలిచాడు. పొట్టితనాన్ని ఎలా వాడుకున్నాడంటే, బంతిని మోకాలికి పైకి లేవనివ్వకుండా కొట్టుకుంటూ పోయేవాడు. ఏడడుగుల మనిషి దాన్ని అందుకోవాలంటే నేలకు వంగాలి, వంగి లేచేలోపు ఈయన దాటిపోతాడు. పొడుగువాళ్ల చేతిలోని బంతిని కిందినుంచి తన్నుకుపోవడమూ అంతే సులువు. 1993లో ఏడడుగుల పాట్రిక్ ఈవింగ్ వేయబోయిన షాట్‌ను ఈ అయిదడుగుల మనిషి అడ్డుకున్నాడు. నమ్మకం లేకపోతే వీడియో ఉంది, చూడండి.

నాగండ్ల మోకాలు

బంతి మారితే ఇదే సంగతి మన వైపే ఉంది. పొదిలి నుంచి ఒంగోలు మీదుగా ఇంకొల్లు వైపు పోతే నాగండ్ల వస్తుంది. షటిల్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ 1973 నవంబర్ 16న పుట్టింది అక్కడే. ఇప్పుడు ఆ ఊరు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది గానీ అప్పుడు ప్రకాశం జిల్లా.

గోపీచంద్‌కు చిన్నప్పుడు క్రికెట్ పిచ్చి. అన్నయ్య షటిల్ వైపు లాక్కొచ్చాడు. హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర, తర్వాత బెంగళూరులో ప్రకాశ్ పదుకొనే అకాడమీలో నేర్చుకున్నాడు. ఇక ఎక్కడమే తరువాయి అనుకుంటున్న 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతూ పడ్డాడు. మోకాలి లోపలి లిగమెంట్ తెగింది.

షటిల్ ఆడేవాడికి ఆ లిగమెంట్ అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. తొడ ఎముక, కింది కాలి ఎముక ఒకదాని మీద ఒకటి జారిపోకుండా కట్టి ఉంచేది అది. నెట్ దగ్గర పడే కాక్‌ను అందుకోవాలంటే ఒక కాలు బారెడు ముందుకు చాచి, మోకాలి మీద బరువంతా ఆపి, ఆ కాలితోనే నేలను తన్ని వెనక్కి రావాలి. ఒక్క మ్యాచ్‌లో ఇది వందల సార్లు. ఎగిరి స్మాష్ కొట్టి దిగడం సరేసరి. తెగిన లిగమెంట్ మీద డాక్టర్ కత్తి పెట్టాక మిగిలిన పని అంతా చుట్టూ ఉన్న కండరాలది. తొడ ముందు భాగం, వెనక భాగం, పిక్క. లిగమెంట్ మోసే బరువును ఇవి పంచుకోవాలి. గోడకు ఆనుకుని కుర్చీ వేసినట్టు కూర్చోవడం, కాలికి ఇసుక సంచి కట్టి ఎత్తడం, ఒంటికాలి మీద నిలబడటం. ఫిజియోథెరపీ చేయించుకున్నవాళ్లకు తెలుసు, దీంట్లో చప్పట్లు కొట్టించేది ఏదీ ఉండదు. వారం తర్వాత కాలు ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువ వంగితే అదే పండగ.

గోపీచంద్ మోకాలి మీద ఒక్క ఆపరేషన్‌తో తెమల్లేదు. అయినా 1996లో జాతీయ ఛాంపియన్ అయ్యాడు. 2000 దాకా వరుసగా అయిదేళ్లు ఆ పట్టం ఎవరికీ ఇవ్వలేదు. 1998 కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ కంచు పతకం. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ షటిల్ టోర్నీ. ఆ వారం అతను ఓడించినవాళ్ల పేర్లు చూడండి. సిడ్నీ ఒలింపిక్స్ బంగారు పతకం మెడలో వేసుకుని ఆరు నెలలైనా కాని చైనా ఆటగాడు జీ షిన్‌పెంగ్. సెమీస్‌లో డెన్మార్క్ దిగ్గజం పీటర్ గేడ్, రెండు గేములూ సాగదీసి 17-14, 17-15. ఫైనల్లో చెన్ హాంగ్, 15-12, 15-6. 1980లో ప్రకాశ్ పదుకొనే గెలిచిన కప్పును 21 ఏళ్ల తర్వాత మళ్లీ ఒక భారతీయుడు ఎత్తాడు. అప్పటికి వయసు 27. అలాంటి మోకాలితో.

కప్పు వచ్చాక కూల్ డ్రింకు ప్రకటన కోసం పెద్ద కంపెనీ వచ్చింది. తాను తాగనిదాన్ని పిల్లల్ని తాగమని చెప్పనన్నాడు. డబ్బుకు ఇబ్బంది లేని మనిషి కాదు అప్పటికి. 2003లో ప్రభుత్వం గచ్చిబౌలిలో అయిదెకరాలు ఇచ్చినా, అకాడమీ కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టాడు. 2008లో అది తెరుచుకుంది. తెల్లవారుజామున నాలుగున్నరకే కోర్టు మీద ఉండేవాడు.

అరవడం కూడా సాధనే

ఆ అకాడమీలో జరిగిన ఒక పాఠం చెబుతాను. పి.వి. సింధు అమ్మానాన్నలు ఇద్దరూ వాలీబాల్ ఆటగాళ్లు, తండ్రి రమణకు అర్జున అవార్డు కూడా ఉంది. సింధు ఎత్తు దాదాపు అయిదడుగుల పదకొండు అంగుళాలు. ఆట ఉంది, ఒళ్లు ఉంది, లేనిది నోరు. పాయింటు గెలిచినా మౌనం, పోయినా మౌనం. అవతలి అమ్మాయి స్పెయిన్ ఆటగత్తె కరోలినా మారిన్ లాంటిదైతే ప్రతి పాయింటుకూ స్టేడియం అదిరేలా అరుస్తుంది. ఆ అరుపు ఎదుటివాళ్లను సగం ఓడిస్తుంది. మన ఇళ్లల్లో ఆడపిల్ల గట్టిగా మాట్లాడితేనే పెద్దవాళ్లు కళ్లెర్రజేస్తారు, ఇక అరవడం ఎక్కడ అలవాటవుతుంది?

గోపీచంద్ ఆమెను కోర్టు మధ్యలో నిలబెట్టాడు. చుట్టూ యాభై మంది దాకా ఆటగాళ్లు, కోచ్‌లు. గొంతెత్తి అరువు, అరిచే దాకా రాకెట్ ముట్టుకోనివ్వను అన్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది. స్మాష్ ఎన్నిసార్లయినా కొట్టమంటే కొడుతుంది, ఇది కొరుకుడు పడటం లేదు. చివరికి అరిచింది. అది మొదలు, దాన్ని కూడా ఒక షాట్‌లా నేర్చుకుంది. మైకాన్ డాన్సు హాలుకూ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు.

2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు ఆమె ఫోన్ గోపీచంద్ దగ్గరే ఉంది. సెమీస్‌లో జపాన్ అమ్మాయి నొజోమి ఒకుహారా. మొదటి గేము 21-19. రెండో గేములో 10-10 దగ్గర సమానం. అక్కణ్నుంచి సింధు వరుసగా 11 పాయింట్లు తీసుకుంది. ప్రతి పాయింటుకూ పిడికిలి, కేక. టీవీ ముందు కూర్చున్న వాళ్లకు ఈ అమ్మాయి మన మెతక సింధుయేనా అనిపించింది. ఫైనల్లో మారిన్ చేతిలో ఓడి వెండి పతకంతో వచ్చింది.

అదే అకాడమీలో కిదాంబి శ్రీకాంత్ ముందు డబుల్స్ ఆటగాడు. సింగిల్స్‌కు మార్చింది గోపీచందే. 2014 జులైలో మెదడు పొరల వాపుతో ఆస్పత్రి పాలయ్యాడు. నాలుగు నెలల తర్వాత, నవంబర్‌లో, చైనా గడ్డ మీద చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ను 21-19, 21-17తో ఓడించాడు. రెండు ఒలింపిక్ బంగారు పతకాలున్న లిన్ డాన్‌ను, అతని సొంత జనం ముందు.

సింధు మీద తర్వాత ఇంకో ముద్ర పడింది, ఫైనల్ దాకా వస్తుంది గానీ గెలవలేదని. కారణం లేకపోలేదు. 2017లో గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో అదే ఒకుహారాతో 110 నిమిషాలు కొట్లాడి మూడో గేములో 20-22తో పోగొట్టుకుంది. 2018 ఫైనల్లో మారిన్ చేతిలో ఓటమి. దూరం నుంచి కొట్టే స్మాష్ ఒక్కటే నమ్ముకుంటే సుదీర్ఘ ర్యాలీల్లో అలిసిపోక తప్పదు. 2019లో కొరియా కోచ్ కిమ్ జీ హ్యున్ దగ్గర నెట్ ఆట దిద్దుకుంది. ఆ ఆగస్టులో బాసెల్‌లో మళ్లీ ఫైనల్, అవతల మళ్లీ ఒకుహారా. 21-7, 21-7. ఈసారి ఆట 38 నిమిషాల్లో అయిపోయింది.